రసీదు ఉన్నవాడిదే రిఫండు

కెనడాలోని మిస్సిసాగాలో నా అకౌంటింగ్ ఆఫీసుకి ఒక బిర్యానీ హోటలాయన మార్చి నెలలో మామిడిపళ్ల డబ్బా పట్టుకొచ్చాడు. మార్చిలో పళ్లేమిటా అనుకున్నాను. బల్ల మీద పెట్టి మూత తీస్తే లోపల ఏడాదిన్నర బిల్లులు. కొన్నిటికి నూనె మరకలు, కొన్నిటికి పసుపు మరకలు. గ్యాసు బంకు రసీదుల మీద అక్షరాలు ఎప్పుడో ఎగిరిపోయి తెల్ల కాగితాలు మిగిలాయి.

"అన్నా, గవర్నమెంటు చిన్న బిజినెస్‌లకు ఏదో గ్రాంట్ ఇస్తదంట గదా. మా దోస్త్‌కి వచ్చిందంట. మనకేమన్న వస్తదా?" అని అడిగాడు.

నేను డబ్బాలో చెయ్యి పెట్టాను. పైనే దొరికింది, వంటగది సామాను బిల్లు. పెద్ద పొయ్యి, పొగ లాగే హుడ్ కలిపి 18,000 డాలర్లు. దాని మీద అమ్మకపు పన్ను, అంటే 13 శాతం హెచ్‌ఎస్‌టీ 2,340. ఆ 2,340 అచ్చంగా ఆయన డబ్బు. ప్రభుత్వం దగ్గర ఉంది, అడిగితే ఇచ్చేస్తుంది. ఆయన అడగలేదు. పోనీ ఇప్పుడు అడుగుదామంటే బిల్లు మీద పేరు బావమరిదిది. ఆ రోజు కార్డు గీసింది ఆయనట.

గ్రాంటు సంగతి తరవాత చూద్దాం, ముందు మీ బావమరిదికి ఫోన్ చెయ్యండి అన్నాను.

కెనడాలో చిన్న వ్యాపారం పెట్టిన మనవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ గ్రాంటు గురించే. అందులో తప్పు లేదు. కానీ ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బు రెండు రకాలు. మీరు కట్టి, వెనక్కి తెచ్చుకోవలసింది ఒకటి. మీరు కట్టనిది, వాళ్లు ఇవ్వాలనుకుంటే ఇచ్చేది ఇంకొకటి. మొదటిదానికి ఎవరి దయా అక్కర్లేదు. చట్టం రాసి ఉంది, ఫారం ఉంది, గడువు ఉంది. రెండోదానికి దరఖాస్తు పెట్టాలి, పోటీ పడాలి, ఎదురుచూడాలి. మన చూపంతా రెండోదాని మీద ఉంటుంది. మొదటిది డబ్బాలో మగ్గుతూ ఉంటుంది.

ఇంకొక భయం కూడా ఉంది మనలో. రిఫండ్ అడిగితే ఆడిట్ వస్తుందని. ఊళ్లో సేల్స్ టాక్స్ ఆఫీసు చుట్టూ తిరిగిన తండ్రుల నుంచి వచ్చిన భయం అది. రిఫండ్ పెద్దదైతే కెనడా రెవెన్యూ ఏజెన్సీ నుంచి ఉత్తరం రావచ్చు, నిజమే. ఈ క్రెడిట్లకు ఇన్‌వాయిస్‌లు చూపించండి అని అందులో ఉంటుంది. అంతే. చూపిస్తే డబ్బు వస్తుంది, చూపించలేకపోతే రాదు. దాన్ని దాడి అనుకోనక్కర్లేదు.

హెచ్‌ఎస్‌టీ: రోజూ చేతిలోంచి జారే డబ్బు

కెనడాలో జీఎస్‌టీ 1991 జనవరి 1న 7 శాతంతో మొదలైంది. 2008 నుంచి 5 శాతం. ఒంటారియోలో ప్రావిన్స్ పన్నుతో కలిపి 13 శాతం హెచ్‌ఎస్‌టీ అయింది. ఆల్బర్టాలో ఒట్టి 5 శాతమే. బ్రిటిష్ కొలంబియా, సస్కాచివాన్, మానిటోబాల్లో ప్రావిన్స్ పన్ను విడిగా కడతారు. అది వెనక్కి రాదు, ఖర్చు కింద పోవలసిందే. క్విబెక్‌లో మాత్రం వాళ్ల పన్నును కూడా రాబట్టుకోవచ్చు. ఇండియాలో జీఎస్‌టీ తెలిసినవాళ్లకి ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ కొత్త మాట కాదు. అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి, వ్యాపారం కోసం కొన్నప్పుడు కట్టిన పన్ను తీసేసి, మిగిలింది కడతాం. కట్టింది ఎక్కువైతే తేడా వెనక్కి వస్తుంది.

వరసగా నాలుగు త్రైమాసికాల్లో అమ్మకాలు 30,000 డాలర్లు దాటే దాకా రిజిస్టర్ చేసుకోవడం తప్పనిసరి కాదు. మనవాళ్లు ఈ మాట విని, దాటాక చూద్దాంలే అని ఆగిపోతారు. హోటల్ పెట్టేవాడికి మొదటి ఆరు నెలలు అమ్మకం ఉండదు, ఖర్చే. షాపు అద్దె మీద హెచ్‌ఎస్‌టీ, కాంట్రాక్టర్ బిల్లు మీద హెచ్‌ఎస్‌టీ, పొయ్యి మీద, ఫ్రిజ్ మీద, బోర్డు మీద హెచ్‌ఎస్‌టీ. ఇలాంటి వ్యాపారానికి ముందే స్వచ్ఛందంగా రిజిస్టర్ అవడమే తెలివి. రిజిస్టర్ అయిన రోజుకి మీ చేతిలో ఉన్న సరుకు, సామాను మీద కట్టిన పన్ను కూడా అడగవచ్చు.

మీరు అమ్మేది ఏ రకమో తెలుసుకోవడం అంతకన్నా ముఖ్యం. బియ్యం, పప్పు, కూరగాయలు అమ్మే కిరాణా షాపు వాటి మీద పన్ను వసూలు చేయదు, కానీ అద్దె మీద, కరెంటు మీద కట్టిన పన్ను వెనక్కి తెచ్చుకోగలదు. వాటి మీద పన్ను రేటు సున్నా కాబట్టి. సరిహద్దు దాటి అమెరికాకి సరుకు తోలే ట్రక్కు వాళ్ల కిరాయికీ ఇదే పద్ధతి. డీజిల్, టైర్లు, రిపేర్ల మీద కట్టిందంతా వెనక్కి. ఇల్లు నెలవారీ అద్దెకిచ్చే ఆయన కూడా పన్ను వసూలు చేయడు, కానీ ఆయనకి ఏమీ వెనక్కి రాదు. ఆయనది మినహాయింపు. సున్నా రేటు, మినహాయింపు పైకి ఒకేలా కనపడతాయి, రెంటికీ కస్టమర్ కట్టేది సున్నాయే. తేడా రిఫండ్ దగ్గర బయటపడుతుంది. ఈ ఒక్క తేడా తెలియక రిఫండ్ మొత్తాన్ని వదిలేసుకున్న కిరాణా షాపుల్ని చూశాను.

ఇక రసీదు. చట్టం మూడు మెట్లు పెట్టింది. వంద డాలర్ల లోపు బిల్లుకి అమ్మినవాడి పేరు, తేదీ, మొత్తం ఉంటే చాలు. వంద నుంచి అయిదు వందల లోపు అయితే అమ్మినవాడి జీఎస్‌టీ నంబరు, పన్ను వివరం కూడా ఉండాలి. అయిదు వందలు, ఆపైన అయితే కొన్నవాడి పేరు, కొన్నదాని వివరం, చెల్లింపు షరతులు కూడా. మన హోటలాయన చిక్కుకున్నది ఈ మూడో మెట్టు దగ్గరే. 18,000 బిల్లు మీద కంపెనీ పేరు ఉండాలి. లేకపోతే అమ్మిన షాపుకి వెళ్లి బిల్లు మార్పించుకోవాలి. కొన్న వారంలో అడిగితే నవ్వుతూ మారుస్తారు. ఏడాదిన్నర తరవాత అడిగితే ఎవరు అమ్మారో కూడా అక్కడ ఎవరికీ గుర్తుండదు.

ఒక ఊరట ఉంది. మొదట్లో అడగడం మరిచిపోయిన క్రెడిట్‌ని చిన్న వ్యాపారాలు సాధారణంగా నాలుగేళ్ల దాకా తరవాతి రిటర్నుల్లో అడగవచ్చు. కాబట్టి పాత డబ్బాలు పారేయకండి. ఎలాగూ ఆరేళ్లు దాచడం మీ బాధ్యతే.

ఇంకో రెండు సంగతులు. అమ్మారు, బిల్లిచ్చారు, హెచ్‌ఎస్‌టీ మీ జేబులోంచి కట్టేశారు, తీరా కస్టమర్ డబ్బు ఎగ్గొట్టాడు. ఆ బాకీని మొండి బాకీగా పుస్తకాల్లో కొట్టేస్తే, కట్టిన పన్నును తరవాతి రిటర్నులో రాబట్టుకోవచ్చు. బాకీదారు మీ బంధువో, మీ ఇంకో కంపెనీయో కాకూడదు. చాలామంది పోయిన అసలు గురించి ఏడ్చి, పన్ను సంగతి మరిచిపోతారు.

రెండోది క్విక్ మెథడ్. ఇది ఐటీ కన్సల్టెంట్లకి, ఖర్చులు తక్కువ ఉన్న సేవలవాళ్లకి. పన్నుతో కలిపి ఏడాది అమ్మకాలు నాలుగు లక్షల డాలర్లు మించకపోతే ఎంచుకోవచ్చు. పన్నుతో కలిపిన అమ్మకాల మీద ఒకే రేటు కడితే సరి, ఒంటారియోలో సేవలకి అది 8.8 శాతం. లక్ష డాలర్లు బిల్లు చేశారనుకోండి. కస్టమర్ దగ్గర 13,000 పన్ను తీసుకుంటారు. 1,13,000 మీద 8.8 శాతం అంటే 9,944. మొదటి 30,000 మీద ఒక శాతం తగ్గింపు, 300. కట్టేది 9,644. 3,356 మీ దగ్గర మిగులుతుంది. అది మీ ఆదాయంలో కలుస్తుందనుకోండి, అయినా మిగులు మిగులే. మామూలు ఖర్చుల మీద విడిగా క్రెడిట్ అడగకూడదు, అదే దానికి మూల్యం. కంప్యూటర్ లాంటి పెద్ద ఆస్తి కొంటే దాని మీద అడగవచ్చు. మా అకౌంటెంట్లకీ, బుక్‌కీపర్లకీ, లాయర్లకీ మాత్రం ఈ పద్ధతి లేదు. ఊళ్లో అందరికీ చెబుతాం, మేం వాడుకోలేం.

భార్యాభర్తల కంపెనీ

టొరంటో చుట్టుపక్కల మన ఐటీవాళ్ల కంపెనీలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. కార్పొరేషన్ ఒకటి, షేర్లు భార్యాభర్తలకి చెరి సగం, జీతం ఇద్దరికో ఒకరికో. జీతం వేయడానికి ఒక సాఫ్ట్‌వేర్. అది ప్రతి జీతంలోంచి సీపీపీ (పెన్షన్), ఈఐ (ఉద్యోగ బీమా) కోసేస్తుంది. ఎవరూ అడగరు.

కంపెనీ ఓటు హక్కు షేర్లలో 40 శాతానికి మించి చేతిలో ఉన్నవాడి ఉద్యోగానికి ఈఐ వర్తించదు. చెరి సగం అంటే ఇద్దరికీ 50 శాతం. ఇద్దరూ కట్టనక్కర్లేదు. 2024లో గరిష్ఠ జీతం తీసుకున్న ఒక్క మనిషికి ఉద్యోగి వాటా 1,049.12 డాలర్లు, కంపెనీ వాటా 1,468.77. కలిపితే 2,500 పైనే. ఇద్దరికీ అయితే అయిదు వేలు దాటుతుంది. ఒక్క ఏడాదికి. పైగా ఉద్యోగం పోతే ఆ బీమా మీకు రాదు కూడా, మీరు అర్హులే కాదు కాబట్టి. రాని బీమాకి ప్రీమియం కడుతున్నారన్నమాట.

పీడీ24 అనే ఫారం నింపి వెనక్కి అడగవచ్చు. ఈఐకి గడువు ఆ ఏడాది ముగిసిన తరవాత మూడేళ్లు. అంటే ఏటా డిసెంబరు 31 అర్ధరాత్రి ఒక ఏడాది డబ్బు చేజారుతుంది. సీపీపీకి ఈ మినహాయింపు లేదు, అది కట్టాల్సిందే. భార్యకో భర్తకో షేర్లు లేకుండా జీతం మాత్రం ఉంటే సంగతి వేరు. బయటివాళ్లకి ఇదే పనికి ఇదే జీతం ఇచ్చేవారా అన్న ప్రశ్న వస్తుంది. ఎవరో చెప్పారని ఆపేయకండి, ఏజెన్సీనే రూలింగ్ అడగండి.

ఇక్కడే ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి ఒకే క్లయింటు, వాళ్ల లాప్‌టాప్, వాళ్ల మేనేజర్, వాళ్లు చెప్పిన వేళలు. పేరుకి మాత్రం మీ కార్పొరేషన్. దీన్ని వ్యక్తిగత సేవల వ్యాపారంగా తేలిస్తే, ఒంటారియోలో చిన్న కంపెనీకి పడే 12.2 శాతం పన్ను కాస్తా 44.5 శాతం అవుతుంది. జీతం మినహా ఖర్చులు కూడా దాదాపు ఏవీ ఒప్పుకోరు. రిఫండ్ల వేటలో పడే ముందు మీ కాంట్రాక్టు ఒకసారి చదివించుకోండి.

నష్టం కూడా ఆస్తే

మూడేళ్ల కిందట ఒక హోటల్ 60,000 లాభం చూపింది, 12.2 శాతం చొప్పున 7,320 పన్ను కట్టింది. ఈ ఏడాది పక్కనే ఇంకో రెండు హోటళ్లు వచ్చి 60,000 నష్టం. యజమాని సిగ్గుపడి రిటర్ను వేయకుండా నాన్చుతాడు. పన్ను ఎలాగూ లేదు కదా, తొందరేముంది అంటాడు. అది నిజంగా డబ్బు పోగొట్టుకునే ఆలోచన. వ్యాపార నష్టాన్ని మూడేళ్లు వెనక్కి తీసుకెళ్లవచ్చు, 20 ఏళ్లు ముందుకి మోయవచ్చు. రిటర్నుతో పాటు వేసే షెడ్యూల్ 4లో వెనక్కి అని అడిగితే ఆ పాత 7,320 తిరిగొస్తుంది. సరిగ్గా జీతాలివ్వడానికి డబ్బు లేని నెలలో.

ముందుకి మొయ్యాలా, వెనక్కి తీసుకెళ్లాలా అన్నది ఆలోచించుకోవలసిందే. నా అభిప్రాయం మాత్రం, చేతిలో నగదు లేని వ్యాపారానికి ఎదర వచ్చే లాభం కన్నా ఈ రోజు చెక్కు మేలు.

ష్రెడ్: పేరు అలా ఉన్నా కాగితాలు చించకూడదు

శాస్త్ర పరిశోధన, ప్రయోగాత్మక అభివృద్ధి పథకం. ఇంగ్లీషు పేరు పొడుగు, అందరూ ష్రెడ్ అంటారు. ఏటా 20,000కి పైగా వ్యాపారాలు దీన్ని వాడుకుంటున్నాయి. కెనడియన్ల చేతిలో ఉన్న ప్రైవేటు కంపెనీకి, అర్హమైన ఖర్చులో 35 శాతం ఫెడరల్ క్రెడిట్. ఒక్క డాలరు పన్ను కట్టవలసింది లేకపోయినా నగదుగా వస్తుంది. ఈ రేటు వర్తించే ఖర్చుకి చాలా ఏళ్లు 30 లక్షల డాలర్ల పరిమితి ఉండేది. 2024, 2025లలో దాన్ని పెంచుతామని ప్రకటించారు. మన చిన్న కంపెనీలకి పాత పరిమితే ఆకాశమంత.

పరిశోధన అంటే తెల్లకోటు వేసుకున్నవాళ్లదని మనం దూరం పెడతాం. బ్రాంప్టన్‌లో ఇడ్లీపిండి ప్యాకెట్లు అమ్మే ఒక చిన్న కంపెనీని ఊహించుకోండి. ఫ్రిజ్‌లో పెట్టినా వారానికి పిండి పులిసిపోతోంది, ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బుతోంది. ప్రిజర్వేటివ్ వేయకుండా నెల నిలవ ఉండాలి. తెలిసిన ఉపాయాలన్నీ చూశారు, కుదరలేదు. అప్పుడు ఒక ఫుడ్ టెక్నాలజిస్టుని పెట్టి, ఏ ఉష్ణోగ్రత దగ్గర పులియడం ఆపితే గాలి తయారవడం తగ్గుతుంది, మినప్పప్పు పాళ్లు ఎంత మారిస్తే పులుపు ఎంత మారుతుంది అని ఒక్కొక్కటే మారుస్తూ, కొలుస్తూ, రాస్తూ పోయారు. ఇది ష్రెడ్ కావచ్చు. ఇడ్లీ వండి పది ఇళ్లకి పంచి, రుచి ఎలా ఉందండీ అని అడగడం కాదు. అది మార్కెట్ సర్వే. కొత్త లేబులు వేయడం కాదు. అమ్మమ్మ కొలతని డబుల్ చేయడం కూడా కాదు.

1998లో నార్త్‌వెస్ట్ హైడ్రాలిక్ అనే ఇంజినీరింగ్ సంస్థ కేసులో టాక్స్ కోర్టు అయిదు ప్రశ్నలు పెట్టింది. మామూలు నైపుణ్యంతో తేలని అనిశ్చితి ఉందా? ఇలా చేస్తే తేలుతుందేమో అన్న ఊహలు పెట్టుకున్నారా? వాటిని పద్ధతిగా పరీక్షించారా? దానివల్ల తెలిసినదానికి ఏమైనా కలిసిందా? పని జరుగుతుండగానే వివరంగా రాసి పెట్టారా? నాలుగింటికీ ధైర్యంగా జవాబు చెప్పినవాళ్లు అయిదో దగ్గర తడబడటం నేను చూశాను. ప్రయోగం గెలవాలని లేదు. పిండి చివరికి పులిసిపోయినా క్రెడిట్ రావచ్చు. ఎందుకు పులిసిందో, మార్చి 3న ఏం మార్చారో, మార్చి 10న ఏం చూశారో నోటుబుక్కులో ఉండాలి. ఏడాది చివర కూర్చుని జ్ఞాపకం మీద రాసిన కథకి సమీక్షకులు అంత విలువ ఇవ్వరు, నేనయినా ఇవ్వను.

లెక్క చూద్దాం. ఆ టెక్నాలజిస్టు ప్రయోగాల మీద గడిపిన కాలానికి జీతం 50,000. కరెంటు లాంటి ఖర్చుల వాటా విడివిడిగా తేల్చడం కష్టం కాబట్టి జీతం మీద 55 శాతం కలుపుకునే ప్రాక్సీ పద్ధతి ఉంది, 27,500. మొత్తం 77,500. దానిలో 35 శాతం 27,125. ఒంటారియో క్రెడిట్ కూడా అడిగితే అంకెలు కాస్త మారతాయి. వచ్చిన క్రెడిట్ తరవాతి ఏడాది ఆదాయ లెక్కలోకి వస్తుంది, ఆశ్చర్యపోకండి.

మనవాళ్లు పడే గోతులు ఇక్కడ రెండున్నాయి. యజమాని స్వయంగా రాత్రింబవళ్లు కోడ్ రాస్తాడు, కానీ జీతం తీసుకోడు, డివిడెండ్ తీసుకుంటాడు. డివిడెండ్ జీతం కాదు, దాని మీద ష్రెడ్ రాదు. జీతం తీసుకున్నా, పది శాతం, ఆపైన షేర్లున్న ఉద్యోగికి ప్రాక్సీ లెక్కలో పరిమితులున్నాయి. అకౌంటెంటు పన్ను తగ్గుతుందని డివిడెండ్ సలహా ఇస్తాడు, ఇంకొకాయన ష్రెడ్ ఉందంటాడు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టండి, అదీ ఏడాది మొదట్లో.

రెండో గొయ్యి హైదరాబాదు. ప్రాడక్టు కంపెనీ ఇక్కడ, డెవలపర్లు మాదాపూర్‌లో. అసలు కష్టమైన పనంతా వాళ్లే చేశారు. ఆ కాంట్రాక్టు డబ్బు మీద క్రెడిట్ లేదు. పని కెనడాలో జరగాలి. కెనడాలో ఉండే మీ ఉద్యోగి బయటికి వెళ్లి చేసిన పనికి కొద్దిపాటి వెసులుబాటు ఉంది కానీ, అక్కడి బృందానికి లేదు. అక్కడివాళ్లని తీసేయమని నేననను. 35 శాతం వెనక్కి వచ్చే ఇక్కడి జీతం, రాని అక్కడి బిల్లు, రెండూ పక్కపక్కన వేసి చూశాకే నిర్ణయించుకోమంటాను.

గడువు కంపెనీ సంవత్సరం ముగిసిన తరవాత 18 నెలలు. ఇది ఉక్కు గడువు. హెచ్‌ఎస్‌టీలాగా నాలుగేళ్ల ఊరట ఉండదు. ఒక్క రోజు దాటినా బతిమాలడానికి తలుపు లేదు.

వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకునే ష్రెడ్ కన్సల్టెంట్లు ఊరినిండా ఉన్నారు. మంచివాళ్లూ ఉన్నారు. ష్రెడ్ కోసం వేసే టీ661 ఫారంలో ఆ క్లెయిముని ఎవరు తయారుచేశారో, ఎంత తీసుకుంటున్నారో రాయాలి. రాయకపోతే, తప్పు రాస్తే 1,000 డాలర్ల జరిమానా. నా పేరు రాయకండి అనే కన్సల్టెంటు దగ్గరి నుంచి లేచి వచ్చేయండి.

ఇక గ్రాంటు

హోటలాయన ప్రశ్నకి జవాబు ఇప్పుడు చెప్పవచ్చు. హోటల్ పెట్టినందుకు చేతిలో పెట్టే గ్రాంటంటూ ఫెడరల్ ప్రభుత్వం దగ్గర లేదు. ఆయన దోస్త్‌కి వచ్చింది బహుశా అప్పు.

చిన్న వ్యాపార ఫైనాన్సింగ్ పథకం అనేది ఒకటుంది. ఏడాది ఆదాయం కోటి డాలర్లు మించని వ్యాపారాలకి, మొత్తం 11.5 లక్షల డాలర్ల దాకా. ఇచ్చేది మీ బ్యాంకే. మీరు ఎగ్గొడితే అర్హమైన నష్టంలో 85 శాతం ప్రభుత్వం బ్యాంకుకి ఇస్తుంది. హామీ బ్యాంకుకే గానీ మీకు కాదు, ఈ మాట మనవాళ్లు తిరగేసి వింటారు. రెండు శాతం రిజిస్ట్రేషన్ ఫీజు, దాన్ని అప్పులోనే కలపవచ్చు. మీ వ్యక్తిగత హామీ కూడా బ్యాంకు అడగవచ్చు. హోటల్ సామానుకి, షాపు లోపలి పనులకి ఇది బాగా పనికొస్తుంది.

నిజంగా తిరిగి కట్టనక్కర్లేని డబ్బు కొత్తది తయారుచేసే కంపెనీలకి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వారి ఐరాప్‌లో ఉంది. లాభం కోసం నడిచే, 500 మంది లోపు ఉద్యోగులున్న కెనడా కార్పొరేషన్ అయ్యుండాలి. వెళ్లగానే ఫారం ఇవ్వరు, ఒక టెక్నాలజీ సలహాదారుని కలుపుతారు. ఆయనకి మీ కంపెనీ మీద గురి కుదరాలి. ఒప్పందం మీద సంతకాలు కాకముందు పెట్టిన ఖర్చు లెక్కలోకి రాదు. ముందు పని మొదలుపెట్టి తరవాత అడుగుదాంలే అంటే కుదరదు. ఇంకోటి, ఆ డబ్బు ష్రెడ్‌ని తగ్గిస్తుంది. ఇడ్లీపిండి లెక్కలో ఐరాప్ 20,000 ఇచ్చిందనుకోండి, 77,500 కాస్తా 57,500 అవుతుంది, క్రెడిట్ 27,125 నుంచి 20,125కి దిగుతుంది. చేతికొచ్చింది 20,000, నికరం 13,000. తీసుకోవద్దని కాదు, 20,000 అని ఇంట్లో చెప్పకండి.

జీతాల సబ్సిడీలు చిన్నవే అయినా తేలిక. కెనడా సమ్మర్ జాబ్స్ కింద 50 మంది లోపు ఉద్యోగులున్న చిన్న వ్యాపారానికి 15 నుంచి 30 ఏళ్ల వాళ్లని పెట్టుకుంటే ప్రావిన్స్ కనీస వేతనంలో సగం దాకా ఇస్తారు. మన హోటళ్లలో పనిచేసేది ఎక్కువగా స్టడీ పర్మిట్ మీద వచ్చిన పిల్లలు. వాళ్లకి ఇది వర్తించదు. పౌరులు, శాశ్వత నివాసులు, శరణార్థి రక్షణ పొందినవాళ్లే అర్హులు. వేసవికి దరఖాస్తులు చలికాలానికే ముగుస్తాయి, మేలో గుర్తుకొస్తే లాభం లేదు. కో-ఆప్ విద్యార్థిని పెట్టుకుంటే ఒంటారియోలో ఒక్కో ప్లేస్‌మెంటుకి 3,000 డాలర్ల దాకా నగదుగా వచ్చే పన్ను క్రెడిట్ ఉంది. దాన్ని రిటర్నులో వేసుకోవడమే.

షరతులు చదవని డబ్బు ఎలా తిరగబడుతుందో సీబా మనకి చూపించింది. కోవిడ్‌లో 60,000 దాకా వడ్డీ లేని అప్పు, 2024 జనవరి 18 లోపు 40,000 కడితే 20,000 మాఫీ. మాఫీ అన్న మాట ఒక్కటే చెవికెక్కించుకున్న వాళ్లున్నారు. ఆ తేదీ దాటాక మాఫీ పోయింది, మొత్తం మీద 5 శాతం వడ్డీ మొదలైంది, 2026 డిసెంబరు 31కి అంతా కట్టాలి. మాఫీ భాగం ఆదాయంలో చూపించాలని కూడా చాలామందికి తెలియదు.

ముందుగా ఫీజు కడితే గ్రాంటు ఖాయం అని వాట్సాప్‌లో వచ్చేవాళ్ల గురించి ఒక్క వాక్యం చాలు. ఖాయం అనే అధికారం ఏ ఏజెంటుకీ లేదు.

శుక్రవారం అరగంట

ఇదంతా చెయ్యాలంటే పెద్ద ఆఫీసు అక్కర్లేదు. వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా, విడిగా కార్డు. బావమరిది కార్డు వద్దు. రసీదు చేతికి రాగానే ఫోన్‌తో ఫొటో, ఎందుకంటే ఆ వేడి ముద్ర అక్షరాలు ఏడాది కూడా నిలవకపోవచ్చు. బిల్లు రాయించేటప్పుడే కంపెనీ పేరు చెప్పడం. వారానికి ఒక అరగంట, శుక్రవారం మధ్యాహ్నం హోటల్ ఖాళీగా ఉండే మూడింటికి, ఫొటోలని నెలవారీగా సర్దడం. ప్రయోగాలు చేసేవాళ్లయితే ఆ అరగంటలోనే ఈ వారం ఏం ప్రయత్నించాం, ఏం చెడింది అని నాలుగు వాక్యాలు తేదీతో. ఫోన్ క్యాలెండర్‌లో మూడు గడువులు: కంపెనీ సంవత్సరం ముగిశాక ఆరు నెలలకి ఆదాయ రిటర్ను, 18 నెలలకి ష్రెడ్, డిసెంబరు 31కి పాత ఈఐ.

హోటలాయన బిల్లు మార్పించుకోవడానికి అయిదు వారాలు పట్టింది. సామాను షాపువాళ్లు మొదట పట్టించుకోలేదు, బావమరిది స్వయంగా వెళ్లి కూర్చున్నాక మార్చారు. 2,340 ఆ త్రైమాసికం రిటర్నులో వేశాం. వెలిసిపోయిన గ్యాసు రసీదుల మీద పన్ను మాత్రం పోయినట్టే. అవన్నీ కలిపి ఎంత ఉండేదో లెక్కే తెలియదు, చూద్దామంటే అంకెలే లేవు.

జూన్‌లో మళ్లీ వచ్చాడు, అదే డబ్బాతో. "ఇంకా ఉన్నాయా?" అని అడిగాను నీరసంగా. ఫోన్ తీసి నా ముందు పెట్టాడు, ఏప్రిల్, మే ఫోల్డర్లు. డబ్బాలో మామిడిపళ్లున్నాయి.